రిగ్రెట్ అని ఉంటే చదవొద్దు

ఇరవై నాలుగేళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు; ఆ రోజుల్లో నా సంగతీ అంతే. మదనపల్లెలో చెప్పుల దుకాణం మీది గదిలో పెద్దవాళ్లకు 'అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్' నేర్పేవాణ్ణి. (నేనెంత అడ్వాన్స్ అయ్యానో మాత్రం అడక్కండి.) వేగంగా చదివించడం నా ప్రత్యేకత. ఉత్తరం మొత్తం చదివేవాడు వట్టి అమాయకుడనీ, మొదటి వరుసలో నాలుగు మాటలు చూస్తే చాలనీ బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. 'ప్లీజ్డ్' అని ఉంటే పని అయినట్టు, 'రిగ్రెట్' అని ఉంటే పోయినట్టు. ఆపైన చదవడం శుద్ధ దండగ.

నా శిష్యుల్లో నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దాయన ఒకాయన ఉండేవాడు. టమాటా మండీలో పొద్దున్నే వేలం పాడి, బొంగురు గొంతుతో నేరుగా క్లాసుకు వచ్చేవాడు కాబట్టి అందరికీ మండీ మామ. భార్య, ఏడు నెలల కూతురు కుప్పంలో పుట్టింట్లో ఉండేవారు. అక్కడి పండ్లరసం ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం దొరికితే ముగ్గురూ ఒకచోట ఉండొచ్చని ఆయన ఆశ. ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాక ఆ మాటే ఎత్తలేదు. రాలేదు కాబోలనుకుని నేనూ అడగలేదు.

ఒక సోమవారం, చేదు కబురును మర్యాదగా ఎలా రాయాలో చెబుతూ, ఎవరికైనా అలాంటి ఉత్తరం వచ్చి ఉంటే చూపమన్నాను. మామ ఫోను చేతికిచ్చాడు. మెయిల్ వచ్చి నాలుగు రోజులైందట. బోర్డు మీద రాద్దామని పైకి చదివాను: 'వి రిగ్రెట్ ది డిలే ఇన్ ఇన్ఫార్మింగ్ యు దట్ యు హావ్ బీన్ సెలెక్టెడ్.' అంటే, మిమ్మల్ని తీసుకున్నాం, చెప్పడమే ఆలస్యమైంది, ఏమనుకోకండి అని! సోమవారం సాయంత్రం నాలుగులోపు ఒరిజినల్ సర్టిఫికెట్లతో రాకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇస్తామని కింది వరుస. అప్పటికి టైము పదీ ఇరవై. వాళ్లన్న సోమవారం ఆ రోజే.

"మామా, ఇది కడదాకా చదివినావా?"

"యాల చదువుతాను సార్? రిగ్రెట్ అనుంటే ఆడికే నిలిపేయమని చెప్పింది మీరే కదా."

ఆ గొంతులో కోపమున్నా బాగుండేది. నా మీద నమ్మకం తప్ప ఇంకేమీ లేదు.

మెయిల్లో ఉన్న నంబరుకు ఎన్నిసార్లు కొట్టినా ఎవరూ ఎత్తలేదు. క్లాసు వదిలేసి, ఆయన గదిలో సర్టిఫికెట్లు తీసుకుని ఇద్దరం బస్సెక్కాం. పుంగనూరులో బస్సు మారుతున్నప్పుడు మామ భార్యకు ఫోన్ చేసి, "రాలేదంటి కదా, వచ్చిండాదంట," అన్నాడు. ఆమె ఏమందో గానీ ఫోను చెవికి జానెడు దూరంలో పట్టుకున్నాడు. బస్సు ఆగిన ప్రతిచోటా నేను టైము చూసుకున్నాను. ఇంత ఆలస్యమెందుకని అడిగితే నెట్‌వర్క్ లేదని చెప్పమని దారి పొడుగునా ఆయనకు అబద్ధం నూరిపోస్తూనే ఉన్నాను.

నాలుగుకు పది నిమిషాలుండగా ఆ ఆఫీసులో నిలబడ్డాం. ఇన్నాళ్లూ జవాబెందుకు ఇవ్వలేదని అక్కడి మేడమ్ అడిగింది.

"సగమే చదివినాను మేడమ్. తప్పు నాదే," అన్నాడు మామ.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, సర్టిఫికెట్లు తీసుకుని, రేపే చేరమంది. తర్వాత నా వైపు తిరిగి ఈయనెవరని అడిగింది.

"మా ఇంగ్లిష్ సారు మేడమ్. శానా బాగా చెప్తాడు."

నిజం చెబుదామని నోరు తెరిచాను. తెలుగూ రాలేదు, ఇంగ్లిషూ రాలేదు. మండీ మామ ఇప్పుడు కుప్పంలోనే ఉన్నాడు, కూతురు బడికి పోతోంది. ఆ రోజు అక్కడ నోరు తెరుచుకుని నిలబడ్డ కుర్ర మాస్టారు గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది, వాడి చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది. తప్పు నాదే అనడానికి వాడికి ఒక్క నిమిషం దొరికింది, అది కూడా మామే వాడేసుకున్నాడు.