వెనకగది గోడలో ఎనభై వాట్లు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది కానీ, దాన్ని వాడేవాళ్ళే లేరు. వీధి వీధంతా ఓములక్క అనే పిలిచేది. ఎవరింట్లో ఇస్త్రీపెట్టె పాడైనా, నీళ్ళ మోటారు మొరాయించినా వచ్చి, మీటరు పెట్టి, "ఇన్ని ఓములు" అని తనలో తాను గొణుక్కునేది. తెలియనివాళ్ళు అదేదో జపమనుకుని, అది పూర్తయ్యేదాకా నోరు మెదపకుండా నిలబడేవారు.

ఆ లెక్క తండ్రి నేర్పినది. ఆయన రేడియోలు బాగుచేసేవాడు. "వోల్టేజిని కరెంటుతో భాగించావనుకో, దారిలో అడ్డు ఎన్ని ఓములో తెలుస్తుంది. ఆ రెంటినే గుణించావనుకో, అక్కడ శక్తి ఎంత ఖర్చవుతోందో తెలుస్తుంది. ఈ రెండూ దొరికితే వస్తువేంటో కళ్ళతో చూడక్కర్లేదే" అనేవాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయి ఒంటరిదైతే, ఆ లెక్కే ఆమెకు అన్నం పెట్టింది.

ఒక మధ్యాహ్నం, కుట్టుపని చేసుకునే ఒకావిడ మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, మా మీటరుకి ఏదో పట్టింది. ఇంట్లో అన్నీ ఆపేసినా ఆ ఎర్రలైటు కొట్టుకుంటూనే ఉంది. చూస్తుంటే గుబులుగా ఉంది."

"దయ్యాలు మనుషుల్ని వదిలేసి మీటర్లని ఎందుకు పడతాయే? ఏదో స్విచ్చి మర్చిపోయుంటావ్, పద" అని నవ్వుతూ బయల్దేరింది ఓములక్క.

మర్చిపోయిన స్విచ్చి ఏదీ లేదు. ఓములక్క కుట్టుమిషను దగ్గర్నుంచి ఫ్రిజ్ దాకా ప్లగ్గులన్నీ పీకేసింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. మీటరు మీద ఎర్రచుక్క మాత్రం తీరిగ్గా ఆరుతూ వెలుగుతూ ఉంది. మెయిన్ వైరు చుట్టూ పటకారు మీటరు బిగించి చూసింది. పాయింటు మూడు అయిదు ఆంపియర్లు. వోల్టేజి రెండువందల ముప్పై.

"భాగిస్తే ఆరువందల యాభై ఏడు ఓములు. గుణిస్తే ఎనభై వాట్లు" అంది.

"ఎనభై అంటే ఏంటక్కా?"

"ఫ్యానంత. కానీ నీ ఫ్యాన్లన్నీ ఆగే ఉన్నాయి."

ఒక్కొక్క ఫ్యూజే పీకుతూ వచ్చింది. చివరిది పీకగానే మీటరు సున్నాకి పడిపోయింది. సరిగ్గా అప్పుడే వెనకగదిలోంచి ముసలిగొంతు ఒకటి వినబడింది.

"ఏమండీ, ఎక్కడికి వెళ్తున్నారు?"

ఓములక్క చెయ్యి అలాగే ఆగిపోయింది. "ఎవరితో మాట్లాడుతోంది?"

కుట్టుపనావిడ కళ్ళు దించుకుంది. "మా అత్తయ్య. మామయ్య పోయినప్పట్నుంచీ అంతే. ఆయన పక్కనే ఉన్నాడంటుంది. మేం పట్టించుకోవడం మానేశాం."

ఓములక్క ఫ్యూజు మళ్ళీ పెట్టింది. మీటరు ఎనభై వాట్ల దగ్గరికి ఎక్కి కూర్చుంది. లోపల్నుంచి నెమ్మదిగా, తృప్తిగా, "వచ్చారా" అన్న మాట వినబడింది.

తండ్రి ఎప్పుడో నవ్వులాటకి చెప్పిన మాట ఆమెకు గుర్తొచ్చింది. మనిషి కూడా ఒక హీటరేననీ, కదలకుండా పడుకున్నా ఒంట్లోంచి ఎనభై వాట్ల దాకా వేడి వస్తుందనీ. మండుటెండ కిటికీలోంచి పడుతున్నా ఆమె వీపు మీద చల్లటి చెయ్యేదో పాకినట్టయింది.

వెనకగదిలో పెద్దావిడ మంచం మీద గోడకి వీపు ఆనించి కూర్చుని ఉంది. తల మీదుగా భర్త ఫొటో, రేకు ఫ్రేములో. గోడ ఆవలివైపు స్నానాలగది కాబోలు, చెమ్మెక్కి ఉబ్బిపోయింది. దగ్గరికి వెళ్తే లోపల్నుంచి సన్నగా జుమ్మన్న చప్పుడు, నిద్రలో ఉన్న మనిషి ఊపిరిలా.

"మెల్లిగా నడవమ్మాయ్. ఇప్పుడే మళ్ళీ కళ్ళు మూశారు" అంది పెద్దావిడ.

"పెద్దమ్మా, ఫొటో మీరు ముట్టుకుంటుంటారా?"

"రోజూ స్నానం చేసొచ్చి ముట్టుకుంటాను. వేళ్ళల్లో జల్లుమని పలకరిస్తారు. ఈమధ్య గట్టిగా పట్టుకుంటున్నారు." ఆవిడ సిగ్గుపడ్డట్టు నవ్వింది. "నిన్నయితే చాలాసేపు చెయ్యి వదల్లేదు."

ఓములక్క టెస్టరు తీసి ఫొటో వేలాడుతున్న మేకుకి ఆనించింది. టెస్టరు భగ్గున వెలిగింది. ఆయన పోయాక ఫొటో కోసం కొట్టిన మేకు, గోడలో నడిచే వైరులోకి దిగింది. అవతలి పైపు కారి కారి గోడను నానబెట్టింది. కరెంటు ఆ చెమ్మలోంచి దారి చేసుకుని గోడను మనిషి ఒంటిలా వెచ్చబరుస్తోంది. తడి ఒంటికి వెయ్యి ఓములు వేసుకున్నా, వోల్టేజిని దాంతో భాగిస్తే వచ్చేది గుండె ఆగడానికి చాలినదానికన్నా ఎక్కువే. లెక్క తేలగానే వెళ్ళి ఫ్యూజు పీకి జేబులో వేసుకుంది.

జుమ్మన్న చప్పుడు ఆగిపోయింది.

"ఎందుకు పంపేశావ్?" పెద్దావిడ అరవలేదు. అడిగిందంతే.

"పెద్దమ్మా, అది ఆయన కాదు. కరెంటు. రేపో మాపో మీ ప్రాణం తీసేది."

"తీస్తే ఆయనేగా తీసేది."

కోడలు తలుపు పట్టుకుని ఏడుస్తోంది. ఓములక్క మంచం అంచున కూర్చుని గోడకి అరచెయ్యి ఆనించింది. వేడి ఇంకా ఉంది. అలా పక్కన ఒక మనిషి వెచ్చదనం తగిలి తనకూ ఎన్నేళ్ళయిందో. చెయ్యి తీయాలనిపించలేదు. వేడి తగ్గి, తగ్గి, చివరికి గోడ ఉత్తి తడిగోడ అయ్యేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

తర్వాత లేచి పని చూసింది. మేకు పీకి, పాడైన వైరు కోసేసి, కొత్తది గోడ పైనుంచి లాగింది. కరెంటు లీకైతే తనంతట తనే ఆగిపోయే స్విచ్చి బిగించింది. పైపు సంగతి చూడమని ప్లంబరుకి కబురు పెట్టింది.

కొన్నాళ్ళకి మళ్ళీ వెళ్ళి, ఇంట్లో అన్నీ ఆపించి చూస్తే, ఎర్రలైటు బుద్ధిగా ఆరిపోయి ఉంది. కోడలు సంతోషంగా కుర్చీ వేసింది. పెద్దావిడ మిషను పక్కన పీట మీద కూర్చుని బట్టలకి దారాలు తెంపుతోంది. ఒళ్ళు కాస్త తేరుకుంది కూడా. ఓములక్క పలకరించబోతే తల తిప్పుకుంది.

ఆ తర్వాత ఆవిడ చాలా ఏళ్ళు బతికింది. వీధిలో అందరితో మాట్లాడేది, ఓములక్కతో తప్ప.