పాస్‌వర్డ్ ఎందుకనుకున్నాను

తొంభైల చివర్లో నేను సూరత్‌లోని ఖటోదరాలో ఒక చీరల డిజైన్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. మిల్లువాళ్లు పంపిన పువ్వుల బొమ్మల్ని కంప్యూటర్‌లో ఏ రంగుకారంగు విడదీసి ప్రింటింగుకు సిద్ధం చేయడం నా పని. ఊరొదిలి వలస వచ్చిన నాన్నకు మరమగ్గాల మీద పని. అక్క బార్డోలీలోని అత్తగారింటి నుంచి వచ్చేసి మా దగ్గరే ఉండేది. ఎందుకు వచ్చేసిందో ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే అదొక పిరికితనం.

ఆఫీసులో పక్కన పడేసిన పాత కంప్యూటర్‌ని ఇంటికి తెచ్చుకుని సగం పని అక్కడే చేసేవాణ్ణి. చేసింది ఫ్లాపీలో తీసుకెళ్తే చాలాసార్లు తెరుచుకునేది కాదు. చివరికి ఒక ప్రోగ్రామ్ సంపాదించాను. ఆఫీసు కంప్యూటర్ నుంచి మా ఇంటికి ఫోన్ కలిపితే చాలు. రెండు రింగులయ్యాక ఇంటి కంప్యూటరే ఫోన్ ఎత్తేది, కాసేపు గుయ్యిమని కూసేది, ఆ తర్వాత దాని స్క్రీన్ మొత్తం ఇక్కడ నా ముందు కనిపించేది. ఇక్కడ మౌస్ కదిపితే అక్కడ బాణం కదిలేది. అది మొదటిసారి కదిలిన రోజు నా అంత తెలివైనవాడు సూరత్‌లో లేడనుకున్నాను.

ఆ ప్రోగ్రామ్ ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేది. మా లైను నిండా గరగరే, నేను టైపు చేసేలోపే తెగిపోయేది. విసుగొచ్చి పాస్‌వర్డ్ తీసేశాను. మా ఇంట్లో పువ్వులూ అంచులూ తప్ప దాచుకునేదేముంది? ఆఫీసు కంప్యూటర్‌లో ‘ఘర్’ అని పేరు పెట్టిన బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే మా ఇల్లు తెరుచుకునేది. ఎవరు నొక్కినా తెరుచుకునేది.

ఇంట్లోవాళ్లకు చెప్పి పెట్టాను, పగటిపూట ఫోన్ మోగితే ఎత్తొద్దని, గుయ్యిమంటే నేనే డిజైన్ తీసుకుంటున్నాననుకోమని. ఏదైనా ఉద్యోగం చూసుకుంటుందని అక్కకు టైపు నేర్పాను. మధ్యాహ్నాలు కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ రాసుకునేది. ఏం రాస్తుందో నేనెప్పుడూ చూడలేదు.

ఒకరోజు మిల్లుకు వెళ్లి నమూనాలిచ్చి తిరిగొచ్చేసరికి మా మేనేజర్ నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వెనక ఇద్దరు ఆపరేటర్లు. స్క్రీన్ మీద అక్షరాలు ఒక్కొక్కటే వాటంతటవే పడుతున్నాయి. నోట్లో గుట్కాతో, గొంతు ఆడగొంతులా సన్నగా చేసి మేనేజర్ వాటిని పైకి చదువుతున్నాడు.

అది అక్క తన భర్తకు రాస్తున్న ఉత్తరం. అతను ఆమెను స్నానాలగదిలో పెట్టి బయట గడియ వేసిన సంగతి. లోపల తడిలో పొద్దంతా ఎలా కూర్చుందో, తలుపవతల అత్త నిలబడి ఎలా నవ్విందో. మధ్యలో ఒక మాట తప్పు పడితే అక్క చెరిపి మళ్లీ కొట్టింది.

“అరే, స్పెల్లింగ్ భీ నహీ ఆతా!” అన్నాడు మేనేజర్. వెనకున్నవాళ్లు నవ్వారు.

నేనేం చేశానో చెప్పాలి. అక్కడే నిలబడి చదివాను. నాలుగు వరుసలు. ఆ తర్వాత ఏమైందో తెలుసుకోవాలనిపించింది. నా మీద నాకు అంత రోత మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

“అది మా అక్క,” అన్నాను.

“తెలుసు. తాళం నువ్వే పెట్టలేదు కదా. తెరిచిన ఇంట్లోకి ఎవరైనా తొంగి చూస్తారు,” అని చెత్తబుట్టలో ఉమ్మాడు. నా కీబోర్డు మీద ఎర్రటి తుంపర్లు పడ్డాయి.

గోడలోంచి ఫోన్ తీగ పీకేశాను. బయట బూత్‌కు వెళ్లి ఇంటికి ఫోన్ చేశాను. రెండు రింగులయ్యాక కంప్యూటరే ఎత్తి నా చెవిలో కూసింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే కూత. అక్క పక్కనే ఉండి ఎత్తదు. ఎత్తొద్దని చెప్పింది నేనే. ఆటో ఎక్కాను.

“ఏందిరా, గిప్పుడే వచ్చినవ్?” అంది అక్క. “ఇందాకనే గద డిజైన్ తీస్కున్నవ్. గుయ్యిమన్నది.”

“గది నేను గాదక్కా.”

జరిగింది చెప్పాను. ఆమె ముఖంలో ఏమీ మారలేదు.

“ఎంతమంది సదివిన్రు?”

“ముగ్గురు.”

“మరి నువ్వు?”

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. “నేను గూడ సదివిన. జరంత.”

ఆమె లేచి వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. “గసుంటోడు మా ఆయనొక్కడే అనుకున్న,” అంది.

ఆ సాయంత్రం అమ్మానాన్నలను కూర్చోబెట్టి అంతా తనే చెప్పింది. “బయటోళ్లందరికి ఎరుకయినంక మీకు దాసుడేంది?” అంది. నాన్న ఆ రాత్రి తిండి ముట్టలేదు. మరుసటి ఆదివారం బార్డోలీ వెళ్లి ఆమె బట్టలూ సర్టిఫికెట్లూ తెచ్చాడు. మళ్లీ వెళ్లమని ఆమెను ఎవరూ అనలేదు. కొన్నాళ్లకు కామ్‌రేజ్ వైపు ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పని దొరికింది. అక్కడ టైపు చేసేది కానీ మా ఇంట్లోని కంప్యూటర్‌ని మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. నేను పొడవైన పాస్‌వర్డ్ పెట్టి ఆ సంగతి ఆమెకు చెప్పాను.

ఆ ఉద్యోగం ఆ రోజే మానేశానని కొందరికి చెప్పాను. నిజం కాదు. ఇంకో ఎనిమిది నెలలు అదే కుర్చీలో కూర్చున్నాను. ఒక ఉదయం మేనేజర్ నా బల్ల దగ్గర ఆగి, “నీ సిస్టర్ ఎలా ఉంది?” అన్నాడు నవ్వుతూ.

“బాగుంది సార్,” అన్నాను.