మగ్గాల వాడ వైపు గేటు

మా కాలేజీ రజతోత్సవానికి సావనీర్ వేశారు. అందులో దాతల ఫొటోలున్నాయి, వచ్చిపోయిన మంత్రుల ఫొటోలున్నాయి. సాయంత్రం తరగతుల గురించి మాత్రం ఒకే వాక్యం ఉంది: ‘అప్పటి పరిస్థితుల వల్ల అవి నిలిచిపోయాయి.’ ఆ పరిస్థితులు బూట్లు వేసుకుని తరగతి గదిలోకి వచ్చిన సాయంత్రం నేను మొదటి బెంచీలో ఉన్నాను. ఆ వాక్యం రాసేముందు నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. నేను పంపిన వ్యాసం వేయలేదు సరికదా, అందిందని కూడా చెప్పలేదు. ఇది మొదటిసారి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సిరిసిల్లలో ఆ కాలేజీ సర్కారుది కాదు, ఒక సొసైటీది. ఫీజులు తీసుకునేది. అయినా లాభం కోసం నడిచేది కాదని, విద్యా ధర్మసంస్థ అని రిజిస్టరు చేయించారు. ప్రహరీ కట్టేటప్పుడు మానేరు ఇసుక మోసింది మా వాడవాళ్లే. మా అమ్మ కండెలు చుట్టడం ఆపి తట్ట ఎత్తింది. ప్రారంభం రోజు కరస్పాండెంటు మైకులో అన్న మాట నాకింకా గుర్తుంది. “గిది ఫీజు కట్టెటోళ్ల కాలేజీ ఒక్కటే కాదు. సదువు మధ్యల ఆగిపోయినోళ్లందరిది” అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

మాటతో ఊరుకోలేదు, నిజంగానే ప్రహరీకి మగ్గాల వాడ వైపు ఒక చిన్న గేటు పెట్టించాడు. సాయంత్రమైతే ఆ గేటు తీసేవారు. ఎవరైనా లోపలికి వెళ్లి పేపరు చదువుకోవచ్చు, లైబ్రరీలో కూర్చోవచ్చు. పదో తరగతో ఇంటరో ప్రైవేటుగా కట్టదలచుకున్నవాళ్లకు ఒక లెక్చరరు జీతం లేకుండా పాఠం చెప్పేవాడు. ధర్మసంస్థ అంటే ఏమిటో మాకు ఎవరూ విడమరచి చెప్పలేదు. మాకు అర్థమైన ధర్మసంస్థ ఆ గేటే.

నేను అప్పుడు పగటి పాళీలో సాంచెల మీద పనిచేస్తున్నాను. సాంచెలంటే మరమగ్గాలు. పాళీ దిగగానే తల మీద దూదితోనే కాలేజీకి పోయేవాణ్ని. నా పక్కన తంగళ్ళపల్లి నుంచి వచ్చే పెద్దాయన ఒకడు కూర్చునేవాడు. ఆయనా సాంచెల పనివాడే. ఆయన కూతురు పగలు అదే కాలేజీలో చదివేది. “పొద్దుగాల నా బిడ్డ గీ బెంచీ మీద కూసుంటది. పొద్దుమీకి నేను కూసుంట. పాసైతె ఇద్దరం ఒక్కటే” అని నవ్వేవాడు.

సాంచెల దగ్గర పనిచేసినవాళ్లకు రెండు అలవాట్లుంటాయి. ఆ మోతలో మాట వినబడదు కనుక బయట కూడా గట్టిగా అరిచినట్టే మాట్లాడతారు. రెండోది, అవతలివాణ్ని పిలవాలంటే నోటితో పిలవరు, చెయ్యి పైకెత్తి ఊపుతారు. తరగతిలోనూ మేం అంతే. లెక్చరరు గొంతు చించుకుని ప్రశ్న అడిగితే, అందరం చేతులెత్తి ఒక్కసారే జవాబు అరిచేవాళ్లం. మాకు అది మామూలే. రోడ్డు మీదివాళ్లకు ఎట్లా కనబడుతుందో ఆలోచించలేదు.

అవి అన్నల రోజులు, నక్సలైట్లను మా వైపు అట్లాగే అనేవాళ్లు. గోడ మీద రాత కనబడితే ఆ గోడ ఎవరిదని పోలీసులు అడిగేవాళ్లు. నేను గుమ్మం దాటితే చాలు, “ఎటు పోతున్నవ్, ఎవలతోని” అని అమ్మ అడిగేది. చెప్పినా నమ్మకం కుదరక వాకిట్లోనే నిలబడేది.

ఆ సాయంత్రం గోదావరి పాఠం. లెక్చరరు “ఉపనదులు?” అన్నాడు. చేతులు లేచాయి. “మంజీర! మానేరు! ప్రాణహిత!” అని అరిచాం. రెండోసారి అరవబోతుండగా లెక్చరరు ముఖం పాలిపోయింది. తిరిగి చూస్తే తలుపులో ఎస్సై, వెనక తుపాకులతో నలుగురైదుగురు.

“ఎవరికిరా ఈ నినాదాలు?” అన్నాడు ఎస్సై. ఆయనది మా వైపు కాదు.

ఎస్సై వచ్చి పెద్దాయన ముందు నిలబడ్డాడు. “నువ్వు చెప్పు.”

“గోదావరికి సార్” అని పెద్దాయన గది అదిరేట్టు చెప్పాడు.

“అరుస్తావేంటి?”

“అరుస్తలేను సార్. మాట్లాడుతున్న.” చెప్తూ అలవాటు కొద్దీ చెయ్యి పైకెత్తాడు. వెనక కానిస్టేబులు తుపాకీ సర్దుకున్నాడు. నేను పెద్దాయన మోచేయి పట్టుకుని కిందికి లాగాను.

మమ్మల్నందరినీ నేల మీద కూర్చోబెట్టారు. పుస్తకాలు విదిలించి చూశారు. లెక్చరరు తడబడుతూ సాంచెల సంగతి, చేతులెత్తే సంగతి చెప్పాడు. ఎస్సై నమ్మలేదు. చివరికి పెద్దాయన చెవి దగ్గర ఏదో మెల్లగా అని చూశాడు. పెద్దాయన బిక్కముఖం వేసి “ఆఁ?” అన్నాడు. ఒక కానిస్టేబులు నవ్వాడు. ఎస్సై నవ్వలేదు కానీ టోపీ సర్దుకున్నాడు. “పాఠమైతే చెప్పుకోండి. కిటికీలు మూసుకుని చెప్పుకోండి” అన్నాడు. ఆయన అన్నది అదే. తరగతి బందు చేయమనలేదు. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను, విన్నాను.

మర్నాడు సాయంత్రం గేటుకు తాళం ఉంది. పోలీసులు బందు చేయమన్నారని వాచ్‌మన్ చెప్పాడు. లెక్చరరు ఇంటికి వెళితే “నా నౌకరి ఉన్నది తమ్మీ, నన్ను ఇరికియ్యకు” అని తలుపు మూశాడు. పరీక్షలు దగ్గరపడ్డాయి. కరస్పాండెంటుకు కోరుట్లలో బట్టల దుకాణం ఉంది, పండుగల ముందు అక్కడే ఉంటాడని తెలిసి బస్సెక్కాను.

కథలాపూర్ దగ్గర బస్సు ఆపారు. పడుచువాళ్లను దింపి వరసగా నిలబెట్టారు. “కోరుట్లల ఏం పనిరా?” అని ఒక కానిస్టేబులు అడిగాడు.

“కాలేజీ సార్‌ను కలువ పోతున్న.”

“గంత గట్టిగ ఎందుకు చెప్తున్నవ్? బెదిరిస్తున్నవా?”

“సాంచెల మీద పని సార్” అన్నాను, ఎంత తగ్గించినా గొంతు తగ్గలేదు. చేతులు మాత్రం నడుముకు అతికించుకుని నిలబడ్డాను. అతను నా జుట్టులోంచి దూది తీసి చూసి, ఎక్కమన్నాడు.

దుకాణంలో కరస్పాండెంటు నన్ను కూర్చోమనలేదు.

“గేటు తాళం తియ్యమని అడుగుదామని అచ్చిన సార్.”

“పోలీసోళ్లు బందు చెయ్యమన్నరు. నీకు తెల్వదా?”

“లే సార్. కిటికీలు మూసుకొమ్మన్నడు. నేను గక్కడనే ఉన్న.”

“ఉంటే? నువ్వు మా స్టాఫా? ఫీజు కట్టిన స్టూడెంటువా?”

“ఫీజు లేనోళ్ల కోసమే కద సార్ గా గేటు వెట్టింది.”

“జర మెల్లగ మాట్లాడు. గిది సాంచెల కార్ఖాన కాదు. కాలేజీ ధర్మసత్రం గూడ కాదు” అన్నాడు. చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. ఆయన వాళ్ల ముందు ఇంకో చీర మడత విప్పాడు. మంచినీళ్లు కూడా అడగలేదు. ధర్మసంస్థ అని మైకులో చెప్పిన నోరు అదే.

అక్కడి నుంచే జగిత్యాల పోయాను. సొసైటీ అధ్యక్షుడు అక్కడ ప్లీడరు. నయం, ఈయన కుర్చీ చూపించాడు. అంతా విని, “పోలీసుల తరఫున మాకేం కాయితం రాలేదు” అన్నాడు.

“మరి తాళం తీయించుండ్రి సార్.”

“గది కరస్పాండెంటు చూసుకుంటడు. ఆయన్ని కలువు.”

“ఆయన్ని కలిసే అచ్చిన సార్.”

“మల్ల కలువు” అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ ఏడు మేమెవరం పరీక్ష రాయలేదు. నేను తర్వాత ఒక్కణ్నే చదివి పాసయ్యాను, చిన్న ఉద్యోగమూ దొరికింది. పెద్దాయన మళ్లీ పుస్తకం పట్టలేదు. కూతురు డిగ్రీ పట్టా తీసుకున్న రోజు కాలేజీకి పెద్ద గేటు నుంచి వచ్చాడు. చిన్న గేటు దగ్గరికి పోయి తాళం చేత్తో కదిపి చూశాడు. ఇప్పుడు ఆయన లేడు.

కాలేజీ ఏ మంచీ చేయలేదని నేననను. పేదపిల్లలకు ఫీజు తగ్గిస్తుంది, గ్రౌండులో ఊరి పిల్లలను ఆడుకోనిస్తుంది, కంటి వైద్యశిబిరాలకు గదులిస్తుంది. అడిగినప్పుడల్లా వీటినే చదివి వినిపిస్తారు. అవి మీరు దయతలచి ఇచ్చేవి. ఆ గేటు అట్లాంటిది కాదు. అడగకుండా లోపలికి రావచ్చని మీరే మాటిచ్చి, మాతో ఇసుక మోయించి పెట్టిన గేటు. ధర్మసంస్థ అన్న మాట మీ బోర్డు మీద ఇప్పటికీ ఉంది.

భయం వల్ల మూశారంటే ఒప్పుకుంటాను. అందరం భయపడ్డాం. కానీ ఆ భయం పోయి ఎన్నో ఏళ్లయింది, బస్సులు ఆపేవాళ్లు లేరు. తాళం అట్లాగే ఉంది, దాని మీద రంగు కూడా వేశారు. మూయమని ఎవరూ చెప్పని గేటును ఎవరు మూయించారు? మేం రావడం మొదటినుంచీ ఇష్టం లేకనేనా? ఇప్పుడున్న కమిటీలో ఎవరో ఒకరు చెప్పాలి. పోలీసులే మూయమన్నారని కరస్పాండెంటు, కరస్పాండెంటును అడగమని అధ్యక్షుడు అంటే కుదరదు. ఆ గేటు ఏ రోజు తీస్తారు? పేరు పెట్టి, సంతకం చేసి నాకు జవాబివ్వండి.