మా మామ్మ అనుమానం ఎత్తుకెళ్ళిన పిల్ల

మా చిన్నప్పుడు... మా మామ్మ ఇంటికి తాళం వేస్తోందంటే మేమందరం వీధిలో నిలబడి కాసుకోవాల్సిందే. వేసి ఒకసారి లాగేది. నాలుగడుగులు నడిచి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి మళ్ళీ లాగేది. గేటు దాకా వెళ్ళాక ఇంకోసారి... ఆదివారాలైతే మేం చేరేసరికి చర్చిలో మొదటి పాట అయిపోయేది.

మాది నర్సీపట్నం. మామ్మ పేరు సువార్తమ్మ. జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్ళు నల్లబడిపోయిన మనిషి. తాత పోయాక ఆ చేతుల కష్టంతోనే ఇల్లు కట్టింది, బయటినుంచి మెట్లు పెట్టి మేడ మీద ఒక గది కూడా వేసింది. అందుకే కాబోలు, లోకంలో అందరూ ఆ ఇంటి మీదే కన్నేశారని ఆవిడ నమ్మకం. పాలు పోసే అతను, గ్యాస్ బండ తెచ్చే అతను, కరెంటు మీటరు చూసే అతను... ఆఖరికి పాస్టరు అయ్యగారు మా ఇంట్లో ప్రార్థన చేస్తున్నా, మామ్మ ఒక కన్ను తెరిచే ఉంచేది!

అలాంటి ఇంట్లోకి అబెనా అద్దెకు దిగింది.

ఘనా దేశం అమ్మాయి. అయ్యగారే తీసుకొచ్చారు. విశాఖలో నాటకం, తెలుగు రెండూ కలిపి చదువుతోందట. పుస్తకాల్లో తెలుగు వచ్చేసింది, జనం నోట్లో తెలుగు పట్టుకోవాలని వేసవికి మా ఊరు వచ్చింది. ఇక్కడి మనుషుల మీద ఒక నాటకం కట్టి తనే ఆడి చూపిస్తే గానీ ఆ చదువు పూర్తవదట.

"నాటకాలాడే పిల్లకి మన మాటలెందుకూ? ఏటో ఉన్నాది," అంది మామ్మ. అయ్యగారి మాట తీసెయ్యలేక గది ఇచ్చింది గానీ, నన్ను కాపలా పెట్టింది. ఏడో క్లాసుకి వెళ్ళబోయే సెలవులు... అంతకంటే మంచి ఉద్యోగం ఏముంటుంది!

చూసే కొద్దీ నాకూ అనుమానం ముదిరింది. అబెనా రైతుబజారుకు వెళ్ళేది, ఏమీ కొనేది కాదు. బస్టాండులో కూర్చునేది, ఏ బస్సూ ఎక్కేది కాదు. చింతపల్లి బస్సు దిగేవాళ్ళను అలా చూస్తూ ఉండిపోయేది... ఇక గదిలో ఒక్కతే ఉన్నా, కింద మాకు ఇద్దరు ముగ్గురి గొంతులు వినబడేవి.

"ఎవర్నో దాసీసింది. బేగి సూసి రాయే!" అని మామ్మ నన్ను మెట్ల మీదికి తరిమేది. వెళ్తే అద్దం ముందు అబెనా ఒక్కతే ఉండేది. నవ్వి, జామకాయ ముక్క చేతిలో పెట్టేది. ఇది లంచమే అనుకుంటూ తినేసేదాన్ని.

మామ్మకి ఒళ్ళు మండిపోయే సంగతి ఇంకొకటుంది. ఆవిడ తాళం వేసే వేళకు అబెనా పిట్టగోడ దగ్గర తయారు... కన్నార్పకుండా చూసేది. మామ్మ నేరుగా అయ్యగారి దగ్గరికే వెళ్ళింది. "నా తాళం మీదే ఉన్నాది దాని కన్ను. పంపించీండి."

"మధ్యలో పంపించేస్తే ఆ పిల్ల చదువు ఆగిపోద్దమ్మా. కొంచెం ఓపిక పట్టు," అని ఆయన బతిమాలారు.

ఆ ఆదివారం చర్చిలో అయ్యగారు వాక్యం చెబుతుంటే, మధ్యలో మామ్మ నా చెయ్యి పట్టుకుని లేచిపోయింది. మూడోసారి తాళం లాగలేదని గుర్తొచ్చిందట! ఎండలో పరుగు లాంటి నడక... మా వీధి తిరిగాం.

మా గుమ్మం ముందు అబెనా. చేతిలో మా తాళం. లాగుతోంది!

"దొంగ! దొంగ!" మామ్మ అరుపుకి వీధి వీధంతా బయటికొచ్చింది.

అబెనా తాళం వదిలేసి ఇటు తిరిగింది. "నేను దొంగను కాను మామ్మగారూ. మిమ్మల్ని నేర్చుకుంటున్నాను."

"ఎక్కిరిస్తన్నాది నిన్ను!" అంది ఎదురింటావిడ. మామ్మ ముఖం మాడిపోయింది. దొంగతనమైనా ఓర్చుకునేదేమో... "సామాను సర్దుకో. ఎల్లిపో," అంది.

"వెళ్తాను. ఒక్కసారి చూడండి, తర్వాత వెళ్తాను," అని చీర కుచ్చిళ్ళు ఎగదోపి, నడుం మీద చెయ్యి వేసి నిలబడింది అబెనా.

తాళం లాగింది. వీధి రెండు వైపులా ఓరగా చూసింది. అచ్చం మామ్మలా కుడి పక్కకి ఒరుగుతూ నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగింది. జనం పకపకా నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు. మామ్మ మాత్రం నవ్వలేదు.

మూడోసారి లాగాక అబెనా వెంటనే వెళ్ళిపోలేదు. అరచెయ్యి తలుపు మీద ఆనించి, పసిపిల్ల తల నిమిరినట్టు ఒక్కసారి నిమిరింది...

అప్పటికి ఎవరూ నవ్వడం లేదు. మామ్మ రోజూ అలా నిమురుతుందని మాకెవరికీ తెలియదు. మేం ఎప్పుడూ విసుక్కుంటూ వీధి వైపు తిరిగి ఉండేవాళ్ళం కదా!

"అది కూడా సూసీసేవేటే..." అంది మామ్మ. గుమ్మం ఎక్కి, అబెనా చెయ్యి తీసి పక్కన పెట్టింది. "కుడి సెయ్యి కాదు, ఎడం సెయ్యి. ఎత్తుకెల్తే సక్కగా ఎత్తుకెల్లు."

అబెనా వెళ్ళలేదు. వేసవంతా మా ఇంట్లోనే ఉంది. మామ్మ మాత్రం గ్యాస్ బండ అతన్ని అనుమానించడం మానలేదు లెండి!

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. మాకు మిగిలింది ఒక్క ఫోటో... అందులోనూ ఫోటోగ్రాఫర్‌ని అనుమానంగానే చూస్తోంది. గొంతు లేదు, నడక లేదు. అప్పట్లో మా చేతుల్లో ఇలాంటి ఫోన్లు ఎక్కడివి!

మొన్న అబెనా ఒక వీడియో పంపింది. వాళ్ళ దేశంలో ఏదో స్టేజీ. గళ్ళ చీరలో అబెనా తాళం లాగింది, కుడి పక్కకి ఒరిగి నడిచింది, తిరిగి వచ్చింది. తెలుగు తెలియని జనం పగలబడి నవ్వారు. తర్వాత ఎడం చెయ్యి తలుపు మీద పెట్టింది. హాలంతా నిశ్శబ్దం. ఇక్కడ నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు మా ఇంటి గుమ్మానికి కెమెరా ఉంది. తలుపు వేసి ఉందో లేదో హైదరాబాదులో కూర్చుని ఫోన్లో చూసుకుంటున్నాను. ఆ తలుపును నిమిరేవాళ్ళే లేరు...

మీ ఇంటి పెద్దవాళ్ళ నడకో, అలవాటో ఇప్పుడు ఎవరి ఒంట్లో ఉంది? ఉంటే చెప్పండి, వినాలనుంది. నాకైతే మా మామ్మను చూడాలంటే ఘనా వెళ్ళాలి.