గట్టిమేళానికి బంద్ చేసిన కెమెరా

ఢిల్లీలో నా పెళ్ళికి వీడియో తీసినవాడు తాళి తప్ప అన్నీ తీశాడు. మా సెక్షన్ ఆఫీసరు పులిహోర తినడం, మళ్ళీ వడ్డించమని సైగ చెయ్యడం, చెయ్యి కడుక్కుని కర్చీఫ్ కోసం జేబులన్నీ వెతుక్కోవడం, ఇదంతా ఆరు నిమిషాలు వచ్చింది. కన్యాదానం వచ్చింది. అడ్డుతెర పట్టుకున్న ఇద్దరి మోచేతులు వచ్చాయి. అక్కడ బొమ్మ ఒక్కసారి ఎగిరింది. మళ్ళీ కుదురుకునేసరికి మా ఇద్దరి నెత్తి మీదా జీలకర్రబెల్లం ఉంది, ఆవిడ మెడలో తాళి ఉంది, మేం తలంబ్రాలు పోసుకుంటున్నాం. మధ్యలో పెళ్ళి ఎప్పుడయిందో ఆ పైవాడికే తెలియాలి.

ఈ సంగతి పెళ్ళయిన వారానికి బయటపడింది. లక్ష్మీ నగర్‌లో మా రెండు గదుల వాటాలోకి వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని, మంచం మీద కూర్చుని చూశాం. నేను పడీపడీ నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

"నాన్నకి ఏం చూపిస్తారు?" అంది.

మా మామగారు సైన్యంలో సుబేదారు. ఏళ్ళ తరబడి ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉండి, సరిగ్గా కూతురికి సంబంధం కుదిరిన ఏడాది ఈశాన్యానికి బదిలీ అయ్యారు. పెళ్ళికని మంజూరైన సెలవు మూడు రోజుల ముందు రద్దయింది. ముహూర్తం మార్చొద్దని ఆయనే ఫోన్ చేసి చెప్పారు. నా కాళ్ళు కడిగి కన్యాదానం చేసింది మా ఆవిడ పెదనాన్న. తర్వాత మామగారి దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఫొటోలు పంపొద్దు, ఎవరూ ఏదీ రాసి వర్ణించొద్దు, సెలవు దొరకగానే వచ్చి కాసెట్టు పెట్టుకుని పెళ్ళి మొదటి నుంచీ చూస్తాను, అమ్మాయి మెడలో తాళి పడటం నా కళ్ళతో నేనే చూసుకుంటాను అని. ఆ ఉత్తరాన్ని మా ఆవిడ కందిపప్పు డబ్బా కింద దాచుకుంది.

మర్నాడు వీడియో భయ్యా దుకాణానికి వెళ్ళాను. గొంతు పట్టుకుందామనే వెళ్ళాను. ఆయన టీ తెప్పించి కూర్చోబెట్టాడు.

"సాబ్, ఏక్ తో పర్దా లగా దియా. ఊపర్ సే ఇత్నా షోర్!" అన్నాడు, తప్పు నాదన్నట్టు.

విషయమేమిటంటే, తెర అడ్డంగా ఉంటే పెళ్ళికూతురు కనపడదు. పైగా డోళ్ళూ సన్నాయిలూ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఆ గోలకి క్యాసెట్లో సౌండు ఖరాబవుతుందని ఆయన కెమెరా బంద్ చేసి, ఆ సందులో బ్యాటరీ మార్చుకున్నాడు. అసలు పెళ్ళంటే అగ్నిచుట్టూ తిరిగే ఫేరాలే కదా, దానికోసమే నిండు బ్యాటరీ దాచిపెట్టానని గర్వంగా చెప్పాడు. గట్టిమేళం మోగిందంటే ముహూర్తం వచ్చేసిందని మనకి పుట్టుకతో తెలుసు. ఆ ఘడియలో ఎవరి తుమ్మూ, ఎవరి పాడుమాటా చెవిన పడకూడదనే అంత గట్టిగా వాయిస్తారు. ఈ ముక్క ఆయనకి ముందే చెప్పాలని నాకు తట్టలేదు. పెళ్ళి ఏ క్షణాన అవుతుందో లోకమంతటికీ తెలుసనుకున్నాను. తిట్టడానికి వెళ్ళినవాణ్ణి టీ తాగేసి కూర్చున్నాను.

"తో ఫిర్ సే కర్ లేతే హై," అన్నాడు భయ్యా. మళ్ళీ చేసుకుంటే పోలా!

మా అత్తగారు మాత్రం ఇంతెత్తున లేచారు. "తాళి రెండోసారి కట్టడమేంటి బాబూ? ఎక్కడన్నా విన్నామా?" అని అరగంట శోకాలు పెట్టి, చివరికి దారి కూడా ఆవిడే చెప్పారు. "పసుపుకొమ్ము కట్టండి. దానికి దోషం లేదు. కెమెరాకేం తెలుస్తుంది?"

అలా ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడకి నాతో రెండోసారి పెళ్ళయింది. ఉతికి ఆరేసిన మధుపర్కాలు మళ్ళీ కట్టుకున్నాం. మల్లెలు దొరకలేదు, బంతిపూల దండలు వేసుకున్నాం. అసలు తాళి ఆ దండల కింద దాక్కుంది. దుప్పటికి ఒక కొస మా అత్తగారు పట్టుకున్నారు, రెండో కొస కిటికీ ఊచకి కట్టాం. సన్నాయి మేళం టేప్‌రికార్డర్లో ఉంది. బంధుజనం మొత్తానికీ కలిపి మా ఇంటిగలావిడ ఆంటీ ఒక్కతే. కింద వంట చూసుకుంటూ మధ్యలో వచ్చి, అక్షింతలు ఎలా వెయ్యాలో నేర్చుకుని, పొలంలో విత్తనాలు జల్లినట్టు జల్లింది. "భాభీజీ, థోడా షర్మాయియే," అని భయ్యా పురమాయించాడు. ఆ ఎండలో, ఫ్యాను కూడా లేకుండా, కెమెరా లైటు ముందు సిగ్గుపడటం ఎవరి తరం? జీలకర్రబెల్లంలో నీళ్ళు ఎక్కువై అది ఆవిడ పాపిట నుంచి జారి ముక్కు మీదికొచ్చింది. నేను మూడో ముడి వెయ్యబోయి దండ దారంతో కలిపి ముడేశాను. ఆవిడ కిందికీ పైకీ ఊగిపోతూ నవ్వింది.

"కట్ చెయ్యకండి భయ్యా, బాగానే ఉంది," అన్నాను, మళ్ళీ ఆ బెల్లం తతంగం ఎవడు పడతాడని.

ఇక అతికే పని నేను నెత్తికెత్తుకున్నాను. మా ఆఫీసులో ప్రింటరులో ఇరుక్కున్న కాగితం లాగగలిగితే చాలు, కంప్యూటర్ ఇంజనీరు కింద జమకట్టేవాళ్ళు. ఆ లెక్కన నేను పెద్ద నిపుణుణ్ణి. రెండు వీసీఆర్‌లు తెచ్చి, వైర్లతో కలిపి, ఒకదాంట్లో నడుస్తున్నది రెండోదాంట్లోకి ఎక్కించాను. అతుకు పడ్డ ప్రతిచోటా తెర మీద చీమలు పాకాయి. ఒకసారి పురోహితుడి గొంతు పోయింది. ఇంకోసారి నేను తాళి కట్టగానే మా సెక్షన్ ఆఫీసరు పులిహోర తింటూ ప్రత్యక్షమయ్యాడు. మూడు ఆదివారాలు కుస్తీ పట్టి చివరికి అతుకు తెలియకుండా చేశాను. నా జన్మలో ఏ పనికీ అంత గర్వపడలేదు.

రెండు నెలలకి మామగారు వచ్చారు. మా ఇంటికొచ్చి స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. అక్షింతలు అడిగి గుప్పిట్లో పట్టుకున్నారు. అది చూసి నా ప్రాణం చివుక్కుమంది. మోసం మరీ పెద్దదైపోతోందనిపించింది. అయినా కాసెట్టు పెట్టాను.

ఆయన కదల్లేదు. గౌరీపూజ చూశారు. తన అన్న నా కాళ్ళు కడగడం చూశారు. అడ్డుతెర వచ్చింది, గట్టిమేళం మోగింది, జీలకర్రబెల్లం జారింది, పసుపుకొమ్ము కట్టాను. ఆయన గుప్పిట తెరవలేదు.

"పెళ్ళి మండపంలో కుక్కరు కూసిందేంటల్లుడుగారూ?"

ఆ రోజు కింద ఆంటీ కుక్కర్లో పెట్టిన రాజ్మా! అతుకులన్నీ చూసుకున్నాను గాని ఆ కూత నా చెవిన పడనే లేదు.

"తాళికంటే ముందే మెట్టెలు తొడిగేశారా?" అన్నారు ఇంకా.

"నాన్నా, వో..." అని మా ఆవిడ ఏదో అనబోయింది. నేనే బొమ్మ ఆపి మొత్తం చెప్పేశాను. భయ్యా, బ్యాటరీ, దుప్పటి, ఏదీ దాచలేదు. తిడతారనుకున్నాను. ఆయన ఆగిపోయిన బొమ్మ దగ్గరికి ఇంకాస్త జరిగారు.

"ముందుదంతా చూశానండి. పిల్ల ఒక్కచోట కూడా నవ్వలేదు. ఎంతసేపూ ఆ గుమ్మంకేసే చూస్తంది. నేనొస్తాననుకున్నాదేమో," అన్నారు. "ఇక్కడ మాత్రం నవ్వింది. ఈ ముక్క మళ్ళీ ఒకసారి పెట్టండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ క్యాసెట్టు ఎన్నిసార్లు తిప్పి ఉంటానో లెక్కలేదు, అంతా అతుకుల కోసమే. పీటల మీద నా పక్కన కూర్చున్న మనిషి ఎటు చూస్తోందో ఆ రోజూ గమనించలేదు, ఆ తర్వాతా గమనించలేదు. వెనక్కి తిప్పి పెట్టాను. బెల్లం జారింది, ఆవిడ ఊగిపోతూ నవ్వింది. మా మామగారు లేచి నిలబడి, అక్షింతలు టీవీ మీద వేశారు.