పడవలో రైట్ రైట్

మా వారు స్టీరింగును ఎడమకి తిప్పారు. సరస్సులో ఎదురుగా ఒక అల్యూమినియం పడవ వస్తోంది. అందులో టోపీ పెట్టుకున్న పెద్దాయన తన కుడివైపుకి తిరుగుతున్నాడు. ఆయనకి కుడి అంటే మాకు ఎడమ. రెండు పడవలూ ఒకే వైపుకి మళ్లుతున్నాయి.

అంతవరకూ ఆ రోజు నా భయాలు వేరు. నాలుగేళ్ల మా వాడి లైఫ్ జాకెట్ పట్టీ ఊడుతుందేమో, వాడు నీళ్లలోకి వంగుతాడేమో, ఎండకి సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతుందేమో. నాకు ఈత రాదు. బయలుదేరే ముందు పట్టీలన్నీ మళ్లీ మళ్లీ లాగి చూసి మా అమ్మాయి విసుక్కునేలా చేశాను. పడవ నడిపే మనిషి గురించి మాత్రం భయం కలగలేదు. మా వారు కారు బాగా నడుపుతారు.

ఆ పడవ మాది కాదు, మా వారి ఆఫీసులో పనిచేసే ఒక ఇంగ్లండు ఆయనది. మేం ఇంట్లో ఆయన్ని దొర అంటాం. పిల్లలు ఎదుటే దొర అంకుల్ అంటారు. అదేదో మా భాషలో మర్యాద మాట అనుకుని ఆయన సంతోషిస్తాడు, ఒక రకంగా నిజమే కూడా. ఆయన తండ్రి కాలంలో ఇంగ్లండులో కట్టిన స్పీడ్ బోటది. పాడైపోయి ఎవరి షెడ్డులోనో పడి ఉంటే తెచ్చుకుని, కొన్ని శీతాకాలాలు తన గరాజులో పెట్టుకుని బాగుచేశాడు. శనివారాలు మా వారు వెళ్లి చెక్కకి గరుకు కాగితం రుద్ది వచ్చేవారు. ఇక్కడ అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో మా అపార్టుమెంటుకి తిరిగొచ్చేసరికి కనుబొమల మీద కూడా ఎర్రటి పొట్టు ఉండేది. "దేశం వదిలొచ్చి దొరగారి పడవ తోముతున్నారు" అనేదాన్ని. "తోముతున్నా కాబట్టే రేపు నిన్ను రాణీగారిలా ఎక్కిస్తా" అనేవారు.

పడవ నిజంగా అందంగా వచ్చింది. మహాగని చెక్క మీద వార్నిష్ ఎంత నున్నగా ఉందంటే, ఒడ్డున నిలబడి వంగితే నా బొట్టు కనిపించింది. ఎర్ర తోలు సీట్లు, ముందు గుండ్రటి మీటర్లు. ఇంజను కారుదేనట. కారులో లాగే కాలితో తొక్కే యాక్సిలరేటరు. స్టీరింగు కుడివైపు. నేను ఎడమ సీట్లో కూర్చోగానే చిన్నప్పుడు మా బాబాయి ఫియట్‌లో ముందు సీటు కోసం కొట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. మా వారు కూడా స్టీరింగు పట్టుకుని, "అబ్బ, ఎన్నాళ్లకి సరైన వైపు కూర్చున్నాను" అన్నారు. హైదరాబాదులో ఆయన అన్నేళ్లూ నడిపింది అటువైపు కూర్చునే.

దొర పొద్దున్నంతా పక్కన కూర్చుని నేర్పాడు. ఎదురుగా పడవ వస్తే ఎవరి కుడికి వాళ్లు తప్పుకోవాలన్నాడు. "ఇక్కడి రోడ్డు లాగా. నీ రోడ్డూ నా రోడ్డూ లాగా కాదు" అని నవ్వాడు. మధ్యాహ్నం తను ఒడ్డున ఉండి, మమ్మల్ని నలుగుర్నీ ఒక చుట్టు తిరిగి రమ్మన్నాడు.

అప్పుడు మొదలైంది ఆ ఆట. తాడు విప్పాక మా వారు వెనక్కి తిరిగి, "కండక్టరు గారూ, టికెట్లయ్యాయా?" అన్నారు.

మన బస్సుల్లో కండక్టరు ఎలా అరుస్తాడో పిల్లలకి తెలియదు కదా అని నేను పడవ అంచు మీద చేత్తో కొట్టి, "రైట్ రైట్" అన్నాను. ఆయన యాక్సిలరేటరు తొక్కారు, పడవ ముక్కు పైకి లేచింది, పిల్లలు కిలకిల నవ్వారు. ఇక అక్కడినుంచి నెమ్మదించడం, పిల్లలు "రైట్ రైట్" అనడం, ఆయన తొక్కడం. మా అమ్మాయికి ఏడేళ్లు. దాని "రైట్" అమెరికా రైట్. మా వాడికి "వైట్" అని వస్తుంది.

ఎదుటి పడవ కనబడినప్పుడు మా వారు వేగం తగ్గించారు. తర్వాత చేతులు ఎడమకి తిప్పాయి. ఆయన తిప్పారనడం కంటే చేతులు తిప్పాయనడమే సరైనది. నేను ఇండియాలో ఎన్నడూ బండి నడపలేదు. కిందటేడే ఇక్కడ లైసెన్సు తీసుకున్నాను. నాకు తెలిసిన రోడ్డు నియమం ఒక్కటే, అది ఆయన నేర్పిందే. అదే నోటికొచ్చింది.

"రైట్! రైట్!" అని అరిచాను.

వెనకనుంచి పిల్లలు కూడా అందుకున్నారు. ఆయన తొక్కారు.

పడవ ఎగిరినట్టు ముందుకి దూకి, ఆ పెద్దాయన పడవకి అడ్డంగా, దాని ముక్కు ముందునుంచి దాటిపోయింది. ఆయన టోపీ మీద బొమ్మ చేపో పిట్టో చెప్పగలిగేంత దగ్గరగా వెళ్లాం. చేప. ఆయన ఏదో అరిచాడు. మాకు వినబడలేదు, వినబడకపోవడమే మంచిది. నేను వెనక్కి తిరిగి పిల్లలిద్దర్నీ చూశాను. ఉన్నారు. మా వాడు "మళ్లీ నాన్నా" అంటున్నాడు. అమ్మాయి నవ్వడం లేదు, నా మొహం చూస్తోంది.

ఒడ్డుకి నెమ్మదిగా వచ్చాం. మా వారు దొరకి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన పడవని చూడలేదు, ముందు పిల్లల్ని చూశాడు. తర్వాత, "నేను ఇక్కడికొచ్చిన కొత్తలో కారుతో అదే పని చేశాను" అన్నాడు. వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు కార్లో పిల్లలు నిద్రపోయారనుకుని మాట్లాడుకున్నాం.

"నువ్వు రైట్ అంటే పొమ్మంటున్నావనుకున్నా."

"కుడికి తిప్పమన్నానండీ."

"అలాగైతే కుడి అనాలి."

"నాకు కారు నేర్పేటప్పుడు మీరు కుడి అని ఒక్కసారన్నా అన్నారా? కీప్ రైట్, కీప్ రైట్ అని కదా నా ప్రాణం తీశారు."

"ఏదేమైనా, తొక్కబట్టే బయటపడ్డాం. ఆగి ఉంటే గుద్దేవాడు" అన్నారు.

అది నిజమే కావచ్చు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను. అప్పుడు మాత్రం, ఇక మేం ఎక్కం, కావాలంటే మీరొక్కరే వెళ్లండి అన్నాను. పిల్లలకి కూడా అదే చెప్పాలనుకుంటూ పడుకున్నాను.

మర్నాడు పొద్దున మా వాడు సీరియల్ తింటున్నాడు. అమ్మాయి గిన్నెలో చెంచా తిప్పుతోంది తప్ప తినడం లేదు. చివరికి అంది, "అమ్మా, నేను కూడా రైట్ అన్నా. గట్టిగా అన్నా. నా ఫాల్టా?"

కార్లో అది నిద్రపోలేదన్నమాట. ఇక పడవ ఎక్కం అని చెబితే, తన వల్లే ఎక్కడం లేదనుకుంటుంది. రాత్రి అనుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"కాదు. అమ్మ ఒకటంది, నాన్న ఇంకోటి విన్నారు. ఇకనుంచి పడవలో రైట్ అన్న మాటే లేదు. ఈసారి దొర అంకుల్ కూడా మనతో కూర్చుంటారు. బయలుదేరాలంటే పోనీ అందాం. తిరగాలంటే కుడి, ఎడమ."

"కుడి అంటే ఏది?" అన్నాడు మా వాడు.

"నువ్వు అన్నం తినే చెయ్యి" అన్నాను. "నాన్న మర్చిపోతే అరవొద్దు. వెనకనుంచి ఆ వైపు భుజం తట్టండి."