చదువుకున్న చెయ్యి

మా ఆర్మూర్లో పసుపు ఉడకబెట్టే రోజులు వచ్చాయంటే చిన్నప్పుడు నాకు దమ్ము, అదే ఉబ్బసం, మొదలయ్యేది. కడాయిల కింది పొగ ఒక పక్క, ఎండిన కొమ్ములను డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టేటప్పుడు లేచే దుమ్ము ఇంకో పక్క. ఊపిరందని పిల్లను బడికి పంపి పొద్దంతా భయపడటం కంటే ఇంట్లో ఉంచుకోవడమే నయమనుకున్నారు మావాళ్లు. అట్లా నా చదువు అమ్మ కుట్టుమిషన్ పక్కన సాగింది.

అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. నాకు ఆరేళ్లు నిండేదాకా ఒక్క అక్షరం రాయించలేదు. ఏదో సిద్ధాంతం తెలిసి కాదు, దమ్ముతో అలిసిన పిల్లను ఇంకా ఎందుకు సతాయించడమని. గుడ్డ ముక్కలను రంగుల వారీగా వేరు చేయడం, గుండీలు దారానికి గుచ్చడం, దేవుడి గూటి ముందు ముగ్గు వేయడం, దీపం పెట్టాక అమ్మ వెనకాలే శ్లోకాలు చెప్పడం, ఇవి నా పనులు. అక్షరాలు దిద్దించిన నాడు అవి నాకు కొత్తగా అనిపించలేదు. ముగ్గు తిప్పిన వేళ్లకు ‘అ’ ఒక లెక్కా? ఇంత సుఖంగా చదువు వచ్చినందుకు ఇప్పటికీ నేను దేవుడికి, అమ్మకు దండం పెట్టుకుంటాను.

పది, ఇంటరు ఓపెన్ పరీక్షల్లో అయ్యాయి. పెళ్లయ్యాక దూరవిద్యలో డిగ్రీ అయింది. మా ఊళ్లో స్కూలు నడిపే ఒక సార్ నన్ను నర్సరీకి టీచరుగా తీసుకున్నాడు. బడి మెట్లు ఎక్కని మనిషిని బడిలో పెట్టుకున్నాడు కదా అని నేను పొంగిపోయాను. ఆయన రుణం తీర్చుకోలేనని కనబడ్డ వాళ్లందరితో అనేదాన్ని. నా మాటను నాకంటే బాగా ఆయనే గుర్తుపెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

నర్సరీలో కొన్నేళ్లు పనిచేశాక చిన్న పిల్లల చదువు మీదే పీజీ చేయాలనిపించింది. మార్కెట్ యార్డులో తూకం పని చేసే మా ఆయన నవ్వాడు.

“పోరగాండ్లను ఆడిపిచ్చెటందుకు గూడ పీజీనా? మా అమ్మ ఏ పీజీ చదివి మమ్ముల సాకింది?”

నవ్వాడే గాని, ఆదివారాలు పొద్దున్నే లేచి నన్ను బస్సెక్కించి వచ్చేది ఆయనే. తరగతులు నిజామాబాద్‌లో. అక్కడ మాకు చెప్పిన మేడం మొదటి రోజే అందరినీ నిలబెట్టి, ఈ చదువు అయ్యాక ఏం చేస్తారని అడిగింది. ఒకామె అంగన్‌వాడీ సూపర్‌వైజర్ అంది. ఒకామె హైదరాబాద్ పెద్ద స్కూల్లో ఉద్యోగం అంది. నా వంతు వచ్చేసరికి, “మా ఆర్మూర్ల ఒక్క గది కావాలె మేడం. అండ్ల ఆరేండ్ల దాక పిల్లల చేతికి పెన్సిల్ ఇయ్యొద్దు” అన్నాను. వెనక బెంచీలో నవ్వారు. ఆ మేడం నవ్వలేదు. అయితే దాని మీదే ప్రాజెక్టు రాయమంది.

రాశాను. మా నర్సరీ గదిలోనే ఇసుక పోయించి, చింతగింజలు, గుండీలు, ఎండిన పసుపు కొమ్ములు గంపల్లో పెట్టి, పిల్లలు వాటితో ఏం చేస్తారో చూస్తూ రాశాను. పుస్తకాల్లో పెద్ద పెద్ద మాటల్లో ఉన్నదంతా అమ్మ మిషన్ పక్కన నాకు జరిగిందే అని చదువుతున్న కొద్దీ అర్థమైంది. అమ్మ తెలియక చేసింది ఇక నేను తెలిసి చేస్తానని సంబరపడ్డాను. సార్ అప్పుడు ఏ అడ్డూ చెప్పలేదు. పైగా ఒకరోజు ఆఫీసు గదిలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

“మేడం, మీరు పీజీ పూర్తి చెయ్యుండ్రి. నర్సరీ మొత్తం మీ చేతుల పెడ్త. మీరెట్లంటె గట్లనే.”

ఆ మాట నమ్ముకుని ఆదివారాలన్నీ బస్సుల్లో గడిపాను. జ్వరంతో పోయాను, చుట్టాల పెళ్లిళ్లు వదులుకుని పోయాను. దమ్ము లేచిన రోజుల్లో ముక్కుకు కొంగు కట్టుకుని పోయాను.

పాసైన సర్టిఫికెట్ తీసుకుని తిరిగి వస్తున్న రోజు, బస్సు ఊళ్లోకి మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి నా ముఖం నాకే కనిపించింది. ఇంత పెద్ద ఫ్లెక్సీ. ఎవరిదో పెళ్లిలో తీసిన ఫొటో. కింద ఇట్లా రాసి ఉంది: ‘పీజీ చదివిన ఇన్‌చార్జి పర్యవేక్షణలో నర్సరీ. రెండున్నర ఏళ్లకే మీ పాప చదువుతుంది, రాస్తుంది.’

పక్క సీటు ఆమె ఫ్లెక్సీని, నన్ను మార్చి మార్చి చూసింది. నేను తల తిప్పుకున్నాను. రాసినవాడు తప్పు రాశాడేమో, చెబితే మారుస్తారని ఇంటిదాకా అనుకుంటూనే వచ్చాను. మర్నాడు చెబితే సార్, “అయ్యో, ప్రింటింగ్ అయిపోయింది గద మేడం” అన్నాడు.

అంతలో వసంత పంచమి వచ్చింది. మా వైపు పిల్లలకు అక్షరాభ్యాసమంటే బాసర పోవాలి. కానీ అది సరిగ్గా పసుపు తవ్వి, ఉడకబెట్టే కాలం. కూలికి పోయేవాళ్లకు, చేను ఉన్నవాళ్లకు కూడా ఒక రోజంతా పోగొట్టుకుని బాసర పోవడం కష్టం. అందుకని సార్ స్కూల్లోనే పూజ చేయించే అయ్యగారిని పిలిపించి, పలకలు, పళ్లేల్లో బియ్యం పెట్టించి, అందరినీ రమ్మన్నాడు. ఫీజు లేదు. వచ్చినవాళ్ల పేర్లు మాత్రం అడ్మిషన్లకు రాసుకున్నారు.

చదువుకున్న మనిషి చెయ్యి పట్టి దిద్దిస్తే పిల్లలకు చదువు అబ్బుతుందని మావాళ్ల నమ్మకం. నాకూ ఉంది ఆ నమ్మకం, దాచుకోవడం ఎందుకు? ఫ్లెక్సీ చూసి వచ్చిన తల్లులందరూ అయ్యగారి ముందు కాకుండా నా ముందు వరస కట్టారు. ఒక్కో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, సరస్వతీదేవిని తలుచుకుని, ఆ చిన్న వేలు పట్టి బియ్యంలో ఓంకారం రాయించాను. నా మట్టుకు నాకు అది పూజ. బియ్యంలో రాస్తాం, చెరిపేస్తాం, దండం పెట్టుకుని లేస్తాం. అమ్మవారికి పిల్లను చూపించుకోవడమే. పాఠం కాదు.

ఆ వరసలో బీడీలు చేసే ఒకామె తన బిడ్డను తెచ్చింది. పిల్లకు ఇంకా మూడేళ్లు రాలేదు. భర్త దుబాయిలో ఉంటే వీడియో కాల్ కలిపి, ఫోను నా భుజం మీదుగా పట్టుకుంది.

“నాయన సూస్తుండు బిడ్డా, రాయే” అంది.

పిల్ల పిడికిలి విప్పలేదు. మెల్లగా నిమిరి ఒక్క వేలు విప్పి గీత గీయిస్తుంటే, ఉన్నట్టుండి రెండు చేతులతో బియ్యం ఎత్తి నా నెత్తిన పోసింది. ఫోనులో తండ్రి పకపకా నవ్వాడు. “తలంబ్రాలు పోసినవా టీచర్‌కు?” అన్నాడు. అందరం నవ్వాం. ఆ పూట ఆ ఫ్లెక్సీ సంగతి కూడా మరిచిపోయాను.

మర్నాడు గదిలోకి పోయేసరికి ఇసుక తొట్టి మీద తెల్లగుడ్డ కప్పి, దాని మీద కొత్త కాపీ పుస్తకాలు, పెన్సిళ్లు పేర్చి ఉన్నాయి. పొద్దున గంటసేపు రాత, సాయంత్రం ఇంటికి హోంవర్కు అని గోడకు టైంటేబుల్ అతికించారు. దాని కింద ఇన్‌చార్జి అని నా పేరుంది.

నేను సార్ దగ్గరికి పోయాను. ఈ వయసులో మణికట్టు ఎముకలు ఇంకా మెత్తగానే ఉంటాయని, పెన్సిల్ పట్టిస్తే చెయ్యి నొస్తుందని, చదువంటేనే భయం పట్టుకుంటుందని, చదివిందీ చూసిందీ అంతా చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు.

“మీరు చెప్పింది తప్పని నేనన్ననా మేడం? పక్క స్కూల్ల పోరగాండ్లు ఏబీసీడీలు నింపుకోని ఇంటికి పోతున్నరు. మనోళ్లు కాళ్లకు ఇసుక అంటిచ్చుకోని పోతున్నరు. తల్లిదండ్రులు సూసేది కాపీనే.”

“మరి నా ఫొటో ఎందుకు పెట్టిన్రు సార్?”

“చదువుకున్నోళ్లు ఉన్నరంటెనే గద నమ్మి పంపుతరు.”

ఇంకా నేను నిలబడే ఉండటం చూసి మెత్తగా నవ్వి అన్నాడు. “స్కూల్ మొఖం సూడనోళ్లని తెలిసి గూడ మిమ్ముల తీసుకున్న. అప్పుడు నేను గిన్ని ప్రశ్నలు అడగలే గద మేడం.”

అన్నేళ్లుగా నేను చెప్పుకుంటూ వచ్చిన కృతజ్ఞత అంతా ఆ ఒక్క మాటలో నాకు తిరిగి అప్పజెప్పాడు. కళ్లల్లో నీళ్లు రాకుండా ఆపుకుని, తల్లులను పిలిచి మాట్లాడనివ్వమని అడిగాను. సరే అన్నాడు. వాళ్లు రాత వద్దంటే ఆ రోజే కాపీలు తీసేయిస్తానన్నాడు. అట్లా నా గది ఉంటుందా పోతుందా అన్నది ఒక్క మీటింగ్ మీదికి వచ్చింది. ఆ వారమంతా దీపం ముందు ఆ ఒక్కటే అడిగాను.

శనివారం మధ్యాహ్నం తల్లులు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు. పసుపు పనిలోంచి లేచి వచ్చినవాళ్ల చేతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నేను పుస్తకం మాటలు ఎత్తలేదు. ఎవరి బిడ్డ మణికట్టు వాళ్లను బొటనవేలితో మెల్లగా ఒత్తి చూడమన్నాను. తర్వాత తమ మణికట్టు ఒత్తుకోమన్నాను. ఒత్తి చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “మా అత్త గూడ గట్లనే అంటది, గింత పోరికి పెన్సిలేందని” అంది ఒకామె. తలలు ఊగాయి. మూలన కుర్చీలో కూర్చున్న సార్ సర్దుకుని కూర్చున్నాడు. నా గుండె తేలికైంది.

అప్పుడు ఆ బీడీలు చేసే ఆమె లేచింది. పంచమి మర్నాటి నుంచే బిడ్డను నర్సరీకి పంపుతోంది.

“మేడం, మొన్న మా పిల్ల చెయ్యి పట్టి రాపిచ్చింది మీరే గద. చదువుకున్న చెయ్యి అని గంత లైన్ల నిలబడి మీ ఒళ్లెనే కూసోబెట్టిన. ఆయన రోజు ఫోన్ చేసి అడుగుతుండు, ఇయ్యాల ఏం రాసిందని. ఇగ మీరే వద్దంటె నేనేం చెప్పాలె?”

“అది పూజ అమ్మా. పాఠం కాదు” అన్నాను.

“పూజ చేస్తిమి. చేసినంక షురూ చెయ్యకపోతె గా పూజ ఎందుకు మేడం? కొత్త బండికి పూజ చేసి ఇంట్ల పెట్టుకుంటమా?”

అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“మీకు మీ అమ్మ ఇంట్లనే చెప్పిందంట. మంచిగైంది. నాకు అక్షరం రాదు. పొద్దంత తునికాకు ముందట కూసుంట. మా పిల్లకు స్కూల్ల రాపియ్యకపోతె ఇంగెవరు రాపిస్తరు?”

రాయించొద్దని కాదు, ఇప్పుడే వద్దంటున్నానని చెప్పాను. ఇంకో మూడేళ్లు ఆగితే తానే ఉరికురికి రాస్తుందన్నాను. అప్పటికే వాళ్ల ముఖాలు మారిపోయాయి. మణికట్లు వదిలేసి పిల్లల చేతులు పట్టుకుని లేచారు. వసంత పంచమి నాడు అమ్మవారి ముందు దిద్దించిన చెయ్యే ఇప్పుడు ఆపమంటోంది, ఇదేదో అపశకునమన్నట్టు ఒక ముసలామె నా వైపు చూసి పోయింది.

బీడీలు చేసే ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్నేమో. కానీ నేను చదివింది తప్పని ఈనాటికీ ఒప్పుకోను. వాళ్ల నమ్మకం ముందు నా చదువు ఓడిపోయి ఉంటే ఇంత చేదు ఉండేది కాదు. స్కూలువాళ్లు నా భక్తిని బియ్యం పళ్లెం ముందు కూర్చోబెట్టి, నా చదువును ఫ్లెక్సీకెక్కించి, రెండింటినీ కలిపి అమ్ముకున్నారు. అమ్మింది ఏమిటంటే, నేను ఏది వద్దని రాసి పాసయ్యానో సరిగ్గా అదే.

సోమవారం వడ్రంగి వచ్చి చిన్న బెంచీలు నేలకు బిగించాడు. ఇసుకను స్కూలు వెనక గుంతలో పోశారు. స్కూలు ఆయమ్మ గంపలు పట్టుకుని వచ్చి, “గీ చింతగింజలు ఏడ వెయ్యాలె మేడం?” అని అడిగింది. నీ ఇష్టమన్నాను. పసుపు కొమ్ములు మాత్రం తాను ఇంటికి తీసుకుపోతానంది, దంచుకుంటే కూరలోకి వస్తాయని.

నర్సరీ నాకొద్దు, పెద్ద పిల్లల తరగతి ఏదైనా ఇవ్వమని సార్‌ను అడిగాను. వెంటనే ఒప్పుకున్నాడు. ఫొటో తీసేయమంటే మాత్రం, అడ్మిషన్ల సీజన్ అయ్యేదాకా ఉండనీయమన్నాడు. మానేసి పోదామనుకుని బాల్కొండలో ఒక స్కూలుకు, భీమ్‌గల్‌లో ఇంకో స్కూలుకు పోయి అడిగాను. పీజీ అనగానే కుర్చీ చూపించారు. ఎన్నో ఏట నుంచి రాయిస్తారని రెండు చోట్లా అడిగారు.

జూన్ నుంచి మూడో తరగతికి తెలుగు, లెక్కలు చెబుతున్నాను. పిల్లలు మంచివాళ్లు. ఉద్యోగం ఉన్నందుకు, ఈ మధ్య దమ్ము లేవనందుకు దేవుడికి దండం పెట్టుకుంటూనే ఉన్నాను. ఆ గది మాట మాత్రం దీపం ముందు ఎత్తడం మానేశాను.

మా తరగతికి పైకి పోవాలంటే నర్సరీ ముందు నుంచే పోవాలి. మొన్న తలుపు తీసి ఉంది. నా నెత్తిన బియ్యం పోసిన ఆ పిల్ల మొదటి బెంచీలో కూర్చుని, పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుని, నాలుక బయటపెట్టి గట్టిగా ఒత్తి రాస్తోంది. కాయితం చిరిగింది. చిరిగిన చోటు వదిలేసి పక్కన మళ్లీ మొదలుపెట్టింది. నన్ను చూసి కాపీ పైకెత్తింది.

“మేడం, సూడు” అంది.

లోపల కొత్త టీచరమ్మ నా వైపే చూస్తోంది. పిల్ల ఎత్తిన కాపీ దించలేదు.

“మంచిగున్నది బిడ్డా” అన్నాను. అని మెట్లెక్కాను.